పాట ఆపబడిన మఠము: హిల్డెగార్డు కీర్తనలను గూర్చి



బోధకుడు రాని ఆదివారములు మన పల్లె సంఘములకు క్రొత్తవి కావు. వానకు గుడి కప్పు కారగా చాపలు చుట్టి ఒక మూల నిలువబడి ఆరాధించిన దినములును కొన్ని గలవు. కాని ఒక్క కీర్తనయైనను పాడని ఆరాధన మీ జ్ఞాపకములో ఉన్నదా? చదువు రానివారుందురు, ప్రార్థన నలుగురిలో చేయుటకు సిగ్గుపడువారుందురు, పాడనివారు మాత్రము అరుదు. పాట మనకు ఊపిరివలె అలవాటైనది గనుకనే దాని వెల యెంతో మనము లెక్కవేసి యెరుగము. ఆ వెలను తన ముసలితనమున చెల్లింపవలసి వచ్చిన ఒక స్త్రీని గూర్చియు, ఆమె కట్టిన పాటలను గూర్చియు ఈ నెల వ్రాయుచున్నాను. ఆమె పేరు హిల్డెగార్డు. జర్మనీ దేశములో రైన్ నది యొడ్డున బింగెన్ పట్టణమునకు దగ్గర ఆమె మఠము కట్టుకొనినందున బింగెన్ హిల్డెగార్డు అని లోకము పిలుచుచున్నది.

ఇప్పుడామె పేరు మిక్కిలి పెద్దది. 2012లో రోమా సంఘము ఆమెను సభాచార్యుల పట్టికలో చేర్చెను. ఆ గౌరవము పొందిన స్త్రీలలో ఆమె నాలుగవది. ఆమె పాటలను వేయి మంది గాయకులు పాడుచున్నారు. ఆమె పేరుపెట్టి గోధుమపిండి, మూలికల మందులు అమ్మువారును గలరు. ఆమె సంగీత ప్రభావము తొమ్మిదివందల యేండ్లుగా చెక్కుచెదరక నిలిచినదని వ్రాయువారు సహితము ఉన్నారు. ఈ కడపటి మాట అంత సులభముగ ఒప్పుకొనదగినది కాదు. నిలిచినదేదో, నిలువనిదేదో కొంచెము విడదీసి చూతము.

ముందు ఆమె జీవితమును క్లుప్తముగ చెప్పుదును. ఆమె 1098లో ఒక గొప్పింట పుట్టెను. పదియవ బిడ్డ యగుటచేత, పంటలో పదియవ పాలు దేవునిదైనట్లు ఈ బిడ్డయు దేవునిదేయని తలిదండ్రులు సమర్పించిరట. 1112లో, పదునాలుగవ యేట, డిసిబోడెన్‌బర్గు కొండమీది మఠములో యుట్టా అను భక్తురాలియొద్ద గోడల మధ్య ఏకాంతవాసము చేయుటకు ఆమెను విడిచిరి. దావీదు కీర్తనలు ఆమెకు నేర్పినది యుట్టాయే. 1136లో యుట్టా చనిపోగా అచ్చటి కన్యాస్త్రీలు హిల్డెగార్డును తమ నాయకురాలిగ ఎన్నుకొనిరి. 1141లో, నలువది రెండేండ్ల ప్రాయమున, తాను చూచిన దర్శనములను వ్రాయుమని దేవుడాజ్ఞాపించెనని చెప్పి వ్రాయనారంభించెను. మొదటి గ్రంథమునకు పదియేండ్లు పట్టెను. ఆ గ్రంథములోని భాగములను పోపు మూడవ యూజీనియస్‌గారు ట్రియర్ పట్టణమున 1147-48లో చదివించి మెచ్చుకొనిరి. 1150 ప్రాంతమున, పురుషుల మఠమువారు వలదన్నను, తన కన్యలను వెంటబెట్టుకొని నాహె నది రైన్‌లో కలియుచోట రూపర్ట్స్‌బర్గు అను స్థలమునకు వెడలిపోయెను. ఆమె పాటలలో పెక్కు అచ్చటనే పాడబడినవి.

ఆ పాటలెన్ని? డెబ్బదికి పైగా. ఇవి గాక ఒక సంగీత నాటకము గలదు. ఆ కాలమున పాట కట్టినవారి పేరు సాధారణముగ నిలువదు. పాట మిగులును, మనిషి మరుగగును. ఒక్క పేరుతో ఇన్ని పాటలు, అందును స్వరలిపితో సహా దొరకుట పండ్రెండవ శతాబ్దమునకు చాల అరుదైన సంగతి.

ఈ పాటలు ఎట్లుండును? మన పల్లెవారికి చెప్పుట ఒక విధముగ సులువు. ఇప్పటి పాశ్చాత్య సంఘములలో వినబడు నాలుగు గొంతుల పాట కాదది. మన కీర్తనవలె ఒక్కటే స్వరపంక్తి. అందరు కలిసి అదే పాడవలెను. తాళము మాత్రము వ్రాతలో లేదు. నాటకములో పద్యము చదువు నటుడు కడపటి అక్షరము పట్టుకొని రాగము తీయుట మీరు వినియున్నారు గదా, ఆ విధముగ ఈమెయు ఒక్కొక్క అక్షరముమీద పదులకొలది స్వరములు నడిపించును. షడ్జమమునుండి ఒక్క గంతున పంచమమునకు ఎగయుట ఆమెకు మిక్కిలి ఇష్టము. ఆ కాలపు గుడిపాటలు చాలవరకు ఒక స్థాయిలో, కొంచెము అటునిటుగ, నడచును. ఈమె పాటలు కొన్ని రెండు స్థాయిలు దాటిపోవును. క్రింద పాడగలవారు పైకి పోలేరు, పైన పాడగలవారు క్రిందికి దిగలేరు. కాబట్టి మన సంఘములో ముసలివారు, పిల్లలు, పొలమునుండి అలసివచ్చినవారు కలిసి పాడదగిన పాటలు ఇవి కావు. దినమునకు ఎనిమిదిమారులు గుడిలో నిలిచి పాడుచు జీవించిన కొద్దిమంది స్త్రీల కొరకు కట్టినవి. ఈ సంగతి మరువక ఆమెను మెచ్చుకొనవలెను.

స్వరలిపిగాని గానముగాని తనకెవరును నేర్పలేదని ఆమె చెప్పుకొనెను. ఆమెను పొగడువారు ఈ మాటను గొప్ప అద్భుతముగ చాటుచుందురు. నేను దీనిని వేరువిధముగ చదువుదును. బెనెడిక్టుగారి నియమము ప్రకారము ఆ మఠములలో నూట యేబది కీర్తనలును ఒక్క వారములో పాడి ముగింపవలెను. ఆమె క్రొత్త పాటలు కట్టుచున్నదను వార్త 1148 ప్రాంతమునకే ఫ్రాన్సు దేశపు పండితుల చెవినబడెను. అప్పటికామె ముప్పదియేండ్లకు పైగా, వారము వెంట వారము, ఆ కీర్తనల మధ్య బ్రదికినది. గురువు లేకపోవచ్చును, చదువు లేదనుట ఎట్లు? మన సంఘములలో అక్షరము రాని అవ్వ కీర్తనల పుస్తకము సగము నోటికి పాడును, ఏ చరణము తప్పినను దిద్దును. ఆమెకెవరు నేర్పిరి? గుడి నేర్పెను. హిల్డెగార్డు వరము దేవునిదే, సందేహము లేదు. ఆ వరము నాటబడిన నేల మాత్రము దినదినము పాడిన పాటయే.

మాటల సంగతి చెప్పవలెను. ఆమె లాటిను భాషలో వ్రాసెను. ఛందస్సు లేదు, ప్రాసనియమము లేదు. గద్యమే పాటగ నడచును. ఆమెకు మిక్కిలి ప్రియమైన తలంపు పచ్చదనము. చెట్టులో ఎక్కు రసము, మొలకలోని బలము, తడి తగిలిన నేల ఉత్సాహము, ఇవన్నియు ఆమెకు దేవుని జీవమునకు గుర్తులు. పాపమనగా ఎండిపోవుట, కృపయనగా మరల చిగిర్చుట. ప్రభువు తల్లిని గూర్చిన ఒక పాటలో మిక్కిలి పచ్చని కొమ్మ యొకటి పూయును, మంచు గడ్డిమీద పడును, భూమి గోధుమ నిచ్చును, ఆకాశపక్షులు గూళ్లు కట్టును, చివరకు మనుష్యులకు విందు సిద్ధమగును. వ్యవసాయదారుడు ఈ పాటను ఒకరు తెలుగున వివరించి చెప్పినచో వెంటనే గ్రహించును. పట్టణపు పండితునికి వ్యాఖ్యానము కావలెను. మరియను గూర్చిన పాటయని కొందరు వెనుదీయవచ్చును. పూర్తిగ వినుడు: కొమ్మ పూయుట గోధుమ కొరకు, గోధుమ బల్ల కొరకు. ఆ బల్ల ఎవరిదో మీకు తెలియును.

అయితే ఆమె దోషమును ఇచ్చటనే యున్నది. పెద్ద పాటలలో ఉపమానముమీద ఉపమానము పేర్చును. కొమ్మ అనగానే కిరీటము, కిరీటమనగానే ఉదయము, ఉదయమనగానే రత్నము. ఒకటి మనస్సున నిలువకముందే మరియొకటి వచ్చి త్రోసివేయును. పెండ్లి పందిరిలో అరటిచెట్లు, మామిడి తోరణములు, కాగితపు పూలు, రంగుదీపములు అన్నియు ఒకేచోట కట్టినచో పెండ్లికుమారుడు కనబడనట్లుండును. నాకు ఆమె చిన్నపాటలే మేలుగ తోచును. ప్రేమ అగాధమునుండి నక్షత్రములకు పైగా పొర్లిపారి, రాజునకు సమాధానపు ముద్దు పెట్టెనని చెప్పు చిన్న పాట యొకటి గలదు. అందులో ఒక్కటే చిత్రము. అది పాట ముగిసినను మనలను విడువదు.

ఇప్పుడు నాటకము. అందులో ఆత్మ యను కన్య యొకతె. వినయము, ప్రేమ, దైవభయము, విధేయత, విశ్వాసము, నిరీక్షణ మొదలైన సద్గుణములు ఆమె చెలికత్తెలు. ఆత్మ మొదట సంతోషముతో బయలుదేరును, శరీరముతో పోరాటము బరువని విసుగుకొని, సాతాను మాటకు లోబడి లోకమునకు పోవును, గాయములతో తిరిగివచ్చును, సద్గుణములు ఆమెను లేవనెత్తి సాతానును కట్టివేయును. కథ ఇంతే, తప్పిపోయిన కుమారుని ఉపమానమునకు చెల్లెలు. కాని ఇందులో హిల్డెగార్డు చేసిన ఒక్క పని నన్ను ఆశ్చర్యపరచును. అందరికిని పాటలు గలవు, సాతానునకు లేదు. వాడు అరచును, కేకవేయును, వెక్కిరించును, పాడలేడు. మన వీధి నాటకములో హిరణ్యకశిపుడు సైతము దరువు పాడుచు, కాలిగజ్జెలు మ్రోగించుచు తెరవెడలును; ఒక్కొక్కప్పుడు వాని పాటయే అందరి పాటలకంటె బాగుండును. హిల్డెగార్డు దానికి ఒప్పుకొనలేదు. వానికి గొంతు ఉన్నది, స్వరము లేదు. ఒక బోధకుడు గంటసేపు చెప్పవలసినదానిని ఆమె ఒక పాటను వ్రాయకుండుటచేత చెప్పెను.

ఇంతవరకు పొగడితిని. ఇక మనకు నొప్పి కలిగించు సంగతి యొకటి గలదు. దానిని దాచి ఆమెను గూర్చి వ్రాయుట న్యాయము కాదు.

ఆమె నడివయస్సున, ఆండెర్నాఖు పట్టణపు మఠనాయకురాలు టెంక్స్‌విండు ఆమెకు ఒక ఉత్తరము వ్రాసెను. మర్యాదగానే వ్రాసినను లోపల ముల్లున్నది. పండుగ దినములలో మీ కన్యలు జుట్టు విరబోసికొని, నేలను తాకు తెల్లని పట్టుముసుగులు వేసికొని, తలమీద బంగారు అల్లిక కిరీటములతో నిలిచి కీర్తనలు పాడుదురట. అంతేగాక గొప్ప వంశమువారిని మాత్రమే మీ మఠములో చేర్చుకొని, పేదవారిని, తక్కువ పుట్టుకవారిని త్రోసివేయుదురట. ప్రభువు చేపలు పట్టువారిని, పేదలను ఏర్పరచుకొనెను గదా, ఇది ఎట్లు? ఇదియే ఆమె ప్రశ్న. హిల్డెగార్డు ముసుగులకును కిరీటములకును ఏదో సమాధానము చెప్పెను, దానిని విడిచిపెట్టుదము. రెండవ ప్రశ్నకు చెప్పిన సమాధానమిది: ఎద్దులను, గాడిదలను, గొఱ్ఱెలను, మేకలను ఏ మనుష్యుడును ఒకే కొట్టములో కట్టడు, అంతస్తులు దేవుడు పెట్టినవి, కలిపినచో పైవాడు గర్వించును, క్రిందివాడు సిగ్గుపడును.

చదువరులారా, ఊరికొక బావి, పేటకొక బావి చూచిన మనము ఈ సమాధానమును ఎట్లు చదువగలము? ఈ కొట్టము సామెత మనము వినినదే. మన పితరులను దేవాలయ వీధిలో నడువనీయనివారు ఇట్టి సామెతలే చెప్పిరి. అంతకంటె బాధ యేమనగా, సువార్త వచ్చిన తరువాత మన సంఘములలోనే ఈ కులమువారు ఈ ప్రక్క, ఆ కులమువారు ఆ ప్రక్క కూర్చుండిన చరిత్ర యొకటి గలదు. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకొని సమాజమందిరములోనికి వచ్చినవానిని గూర్చి వ్రాసినది హిల్డెగార్డు యెరుగనిది కాదు. ఆ కాలపు ఆచారమది అని కొందరు ఆమెను కాపాడ జూతురు. ఆ కాలమువారే గదా టెంక్స్‌విండును! ప్రశ్న వేయుటకు ఆ కాలము అడ్డు రానప్పుడు, సరియైన సమాధానమునకు మాత్రము ఎందుకు అడ్డువచ్చెను? ఈ విషయములో దర్శనములు చూచిన స్త్రీకంటె ఉత్తరము వ్రాసిన స్త్రీ దూరము చూచెనని నా నిర్ణయము.

అయినను పాటకు ఒక గుణమున్నది. కట్టినవారి ఇంటిలో అది కట్టుబడియుండదు. పేదవాని కుమార్తెను లోనికి రానీయని మఠములో పుట్టిన ఆ పాటలను నేడు పాడుటకు వంశము చెప్పనక్కరలేదు.

ఇక ప్రభావమును గూర్చి. ఇచ్చట కొందరు పొరబడుచున్నారు. ఆమె మరణమునకు తరువాత ఆమె పేరు మరుగుపడలేదు, నిజమే. కాని నిలిచిన పేరు పాటలు కట్టినదాని పేరు కాదు, ప్రవక్త్రి పేరు. 1220లో ఎబెర్బాఖు మఠపు గెబెనో అను సన్న్యాసి ఆమె గ్రంథములలోనుండి రాబోవు కాలములను గూర్చిన మాటలు మాత్రము ఏరి ఒక సంకలనము చేసెను. తరువాతి శతాబ్దములవారు ఆమెను తెలిసికొనినది ఎక్కువగ ఆ సంకలనము మూలముననే. 1513లో పారిసులో ఆమె మొదటి దర్శన గ్రంథము అచ్చుపడెను. 1527లో లూథరుగారి పక్షమువాడైన ఆసియాండర్ ఆమె ప్రవచనములను జర్మను భాషలో ప్రకటించెను. అధ్యక్షుల దుర్మార్గమును ఖండించిన స్త్రీగ సంస్కరణ పక్షమువారికి ఆమె పనికివచ్చెను. వీరిలో ఎవరును ఆమె పాట పాడుటకు ఆమెను వెదకలేదు.

మన త్యాగరాజుగారి కృతులను తలంచుడు. శిష్యులు, వారి శిష్యులు గొంతునుండి గొంతునకు మోసికొనివచ్చిరి. మన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను సంఘములు నోటితో కాపాడినవి. పుస్తకము చినిగినను పాట చినుగలేదు. హిల్డెగార్డునకు అట్టి పరంపర లేదు. ఆమె రీతిని అందుకొని పాటలు కట్టిన శిష్యురాలొకతెయైనను చరిత్రలో కనబడదు. ఆమె రూపర్ట్స్‌బర్గు మఠము 1632లో, జర్మనీలో ముప్పదియేండ్ల యుద్ధము జరుగుచున్న దినములలో, నాశనమాయెను. ఏటికావల ఐబింగెన్‌లో ఆమె పెట్టిన రెండవ మఠము 1803లో మూయబడెను. పాటలు రెండు వ్రాతప్రతులలో నిదురించెను. ఒకటి ఆమె బ్రదికియుండగనే, 1175 ప్రాంతమున, విల్లెర్స్ మఠమువారికి పంపబడినది. రెండవది ఆమె మరణమైన కొలదికాలమునకు ముగిసిన మహాగ్రంథము. దాని బరువు పదునైదు కిలోలు. దర్శనములు, ఉత్తరములు మొదలైనవన్నియు అందున్నవి, పాటలు కడపటి పుటలలో ఉన్నవి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఈ గ్రంథమును భద్రము కొరకు వీస్‌బాడెన్‌నుండి డ్రెస్డెన్‌లోని ఒక బ్యాంకునకు పంపిరి. 1945 ఫిబ్రవరిలో ఆ పట్టణము బాంబులచేత కాలిపోయెను. బ్యాంకు నేలమాళిగ మిగిలెను. దానితోకూడ పంపిన చిత్రములుగల మొదటి దర్శన గ్రంథము ఆ గందరగోళములో పోయి నేటికిని దొరకలేదు. పాటలున్న గ్రంథమును 1948లో ఒక స్త్రీ యుక్తిచేసి, దానికి బదులు వేరొక పుస్తకము అచ్చట నుంచి, తిరిగి ఇంటికి చేర్చెను.

కనుక ఆమె సంగీత ప్రభావమని మనము చెప్పుకొనునది వాస్తవముగ మన తలిదండ్రుల కాలమునకు దగ్గరది. 1904లో ఐబింగెన్ పైనున్న కొండమీద క్రొత్త మఠము కట్టబడెను. 1913లో గ్మెల్ఖు అను పండితుడు పాటల స్వరలిపిని ప్రకటించెను. 1969లో ఆ క్రొత్త మఠపు కన్యాస్త్రీలిద్దరు ఒక పండితునితో కలిసి అన్ని పాటలను నేటివారు చదువదగిన స్వరములలో అచ్చు వేయించిరి. 1981లో ఇంగ్లాండు దేశమున గోథిక్ వాయిసెస్ అను బృందము కొన్ని పాటలను పాడి రికార్డు చేసెను. అది విడుదలయైన తరువాతనే సామాన్య ప్రజలు ఆమె పేరు యెరిగిరి. ఆ పిమ్మట సీక్వెన్షియా అను బృందము నాటకమును, పాటలన్నిటిని పాడెను. 1994లో రష్యా దేశపు స్వరకర్త్రి సోఫియా గుబైదులినా ఆమె దర్శనములలోని మాటలకు క్రొత్త సంగీతము కూర్చెను.

మొదటి రికార్డులో గొంతు క్రింద శ్రుతివంటి నిలకడ నాదము వినబడును. మన తంబురా వినినవారికి అది ఎంతో హాయిగనుండును. కాని వ్రాతప్రతిలో అది లేదు, పాడినవారు చేర్చినది. దానిని తప్పని నేననను. తరువాత కొందరు యంత్రపు డప్పులు, విద్యుత్తు వాద్యములు చేర్చి నిద్రపట్టుటకును, మనస్సు తేలికపడుటకును మందుగ అమ్మిరి. దానిని మాత్రము తప్పందును. ఆమె పాట విని నిదురపోవుటకు కట్టినది కాదు. నిలువబడి పాడుటకు కట్టినది. పాటను వినువారికి అప్పగించి పాడువారిని తీసివేసినప్పుడు స్వరములు మిగులును, పని మిగులదు. ఇంతకంటె ఎక్కువ చెప్పినయెడల మన మైకుసెట్లను గూర్చియు చెప్పవలసి వచ్చును. నలుగురు వేదికమీద పాడుచుండగా నలువదిమంది క్రింద నోరు కదపక చూచుచుండు గుడులు ఇప్పుడు మనలోను పెరుగుచున్నవి. మీ గుడి అట్టిదో కాదో మీకే తెలియును.

మరి ఆమెలో నిలిచినది ఏది? నా దృష్టిలో అది 1178లో జరిగిన సంగతి మూలమున బయటపడెను. మొదట నేను చెప్పిన వెల యిదే.

ఆ సంవత్సరము ఒక కులీనుడు చనిపోగా రూపర్ట్స్‌బర్గు శ్మశానములో పాతిపెట్టిరి. అతడు ఒకప్పుడు సంఘమునుండి వెలివేయబడినవాడు. కాని మరణమునకు ముందే పశ్చాత్తాపపడి, క్షమాపణపొంది, సంస్కారము తీసికొనియుండెను. మైన్జు పట్టణపు సంఘాధికారులు దీనిని ఒప్పుకొనక, శవమును త్రవ్వి బయట పారవేయవలెనని ఆజ్ఞాపించిరి. లేనియెడల మఠములో ఆరాధన గానము నిషిద్ధమనిరి. హిల్డెగార్డునకు అప్పటికి ఎనుబదియేండ్లు. దేవుడు క్షమించినవానిని తాను త్రవ్వి పారవేయజాలనని ఆమె కాదనెను. కాని నిషేధమునకు లోబడెను. పాట ఆగెను. తలుపులు మూసికొని, మెల్లని గొంతుతో కీర్తనలు చదువుకొనిరి. దాదాపు నెలకొకసారి తీసికొనుచుండిన ప్రభురాత్రి భోజనమును మానిరి. బబులోను నదులయొద్ద సితారాలను చెట్లకు తగిలించినవారివలె, తమ గుడిలోనే వారు పరదేశులైరి.

అప్పుడామె ఆ అధికారులకు వ్రాసిన ఉత్తరము, నేను ఆమె పాటలన్నిటికంటె గొప్పదని యెంచుచున్నాను. దాని సారమును నా మాటలలో చెప్పుదును. ఆదాము పాపము చేయకముందు అతని గొంతులో దేవదూతల పాట యొక్క మాధుర్యమంతయు నుండెను. పడినప్పుడు దానిని పోగొట్టుకొనెను. ఆ పోయిన పాటను జ్ఞాపకము చేయుటకే దేవుడు ప్రవక్తలను లేపి కీర్తనలు కట్టించెను, వాద్యములు చేయించెను. పాట వినినప్పుడు మనుష్యుడు కారణము తెలియకయే నిట్టూర్చును. ఏలయనగా ఆత్మ తన పూర్వస్థితిని తలంచుకొనును. మనుష్యుడు మరల పాడనేర్చుట సాతానునకు సహింపరానిదాయెను. కాబట్టి కలహములచేతను, అపవాదులచేతను, అన్యాయపు ఒత్తిడిచేతను, సంఘము నడిగుండెలోనే పాట ఆపుటకు వాడు పనిచేయుచుండును. మీరు నోరు మూయించుటకు ముందు, మీ ఆజ్ఞ దేవుని నీతినుండి వచ్చినదో, పగనుండి వచ్చినదో చూచుకొనుడి. తగిన కారణము లేక భూమిమీద దేవుని స్తుతిని ఆపినవారికి పరలోకమున దూతల స్తుతిలో పాలు ఉండదు.

నాటకములో సాతానునకు పాట ఎందుకు లేదో ఇప్పుడు మీకు తెలిసియుండును. అది యెన్నో యేండ్లకు ముందు వ్రాసినది. ఈ ఉత్తరము దాని అర్థము. శరీరము ఆత్మకు వస్త్రమనియు, అందుచేత గొంతుగల శరీరము ఆత్మతోకూడ పాడుట న్యాయమనియు అదే ఉత్తరములో ఆమె వాదించెను. తలుపులు మూసి మనస్సులోనే స్తుతింపుము, చాలును అను జ్ఞానులకు ఇదియే జవాబు. కీర్తనల 150వ అధ్యాయమును ఆమె వరుసగా వివరించి, తంతివాద్యము, తప్పెట, తాళము ఏదియు విడువలేదు.

ఇది వాదమే గాని మోసపుచ్చు వాక్చాతుర్యము కాదని ఎట్లు చెప్పగలను? వాదించినామె లోబడియున్నది. మొండితనముగ పాడియుండవచ్చును; పాడలేదు. చచ్చినవాని పక్షమున లోబడనన్నది, తన నోటి విషయమున లోబడినది. తనకు అన్నిటికంటె ప్రియమైన దానిని పోగొట్టుకొనుటకు ఒప్పుకొనెను గాని, ఎన్నడును మాటలాడలేని ఒక శవమును అప్పగింపలేదు. కొట్టము సామెత చెప్పిన స్త్రీయే ఇట్లు చేసినదని తలంచినప్పుడు నా మనస్సు కొంత మెత్తబడుచున్నది. ఆ మృతుడును గొప్ప వంశమువాడే గదా అని మీరందురు. నిజమే. ఆ మాటకు నాయొద్ద జవాబు లేదు.

ఉత్తరముతో పని వెంటనే కాలేదు. కొలోన్ అగ్రపీఠాధిపతి ఫిలిప్పుగారు పూనుకొని సాక్షులను తెచ్చిరి. చనిపోయినవానితోపాటు అదే గురువు చేత అదే సమయమున క్షమాపణ పొందిన ఒక యోధుడు వచ్చి సాక్ష్యమిచ్చెను. మైన్జు అగ్రపీఠాధిపతి క్రిస్టియానుగారు అప్పుడు ఇటలీలో నుండిరి. ఆయనకు మరల ఉత్తరములు పోవలసి వచ్చెను. 1179 మార్చి నెలలో నిషేధము తీసివేయబడెను. రూపర్ట్స్‌బర్గు గుడిలో కన్యలు మరల గొంతెత్తి పాడిరి. హిల్డెగార్డు ఆ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన మృతినొందెను. ఆమెకు ఆ పాట ఆరు నెలలు వినబడెను.